రెండు కేబుళ్లు కలిపినా ఒక్క ఫైలు వేగం ఎందుకు పెరగదు?

గిగాబిట్ కేబుల్ పక్కన ఇంకో గిగాబిట్ కేబుల్ లాగి, రెండింటినీ ఒకే లింకుగా కలిపేసి, పెద్ద ఫైలొకటి కాపీ పెట్టి చూడండి. సెకనుకు 110 మెగాబైట్ల చిల్లర దగ్గరే ఆగిపోతుంది. ముందెంతో ఇప్పుడూ అంతే. భీమవరం, తణుకు, అమలాపురం వైపు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో నెట్‌వర్క్ పని చూసే కుర్రాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే: "ఏవండీ, వైర్లు రెండు లాగారు, డబ్బులు రెండింటికీ తీసుకున్నారు, స్పీడేంటండీ ఒకదానిదే వస్తోంది?" అడిగినాయన తప్పేం లేదు. చాలాసార్లు లాగిన కుర్రాడి తప్పు కూడా ఉండదు. లింకులు కలపడం అంటూ వేర్వేరు పనులు మూడింటిని ఒకే గాటన కట్టేయడంలోనే ఉంది చిక్కంతా. ఒకే గదిలోనో ఒకే ప్రాంగణంలోనో రెండు పెట్టెల మధ్య కేబుళ్లు కలపడం ఒకటి. ఇద్దరు ఇంటర్నెట్ కంపెనీల కనెక్షన్లను ఒక రౌటర్‌కు తగిలించడం ఇంకొకటి. ఒకే డౌన్‌లోడ్‌ను నిజంగా ముక్కలు చేసి రెండు దారుల్లో పంపి అవతల అతికించడం మూడోది. మొదటి రెండిట్లో ఏది చేయించుకున్నా జనం ఆశించేది మాత్రం మూడోదాని ఫలితం.

మొదటిదాంతోనే మొదలుపెడదాం, ఎక్కువ గందరగోళం అక్కడే.

రెండు స్విచ్‌ల మధ్య (అనేక కేబుళ్లను ఒకచోట కలిపే పెట్టెలివి) ఏ సెట్టింగూ పెట్టకుండా ఊరికే రెండో కేబుల్ తగిలిస్తే ఏమవుతుంది? ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది, ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి చివరికి సున్నా అయి చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు, అంటే కేబుల్ మీద ఆ ప్యాకెట్‌ను మోసే పొట్లానికి, ఆ లెక్క లేదు. అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ ఒకటి మొదటి కేబుల్ మీద వెళ్లి, రెండో దాని మీద వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, తిరుగుతూనే ఉంటుంది. కాసేపట్లో స్విచ్ దీపాలన్నీ పూనకం వచ్చినట్టు వెలుగుతాయి, ఎవరికీ నెట్ ఉండదు. ఈ లూపును ఆపడానికి 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టారు. అది ఉన్న స్విచ్‌లు రెండో దారిని గుర్తుపట్టి మూసి ఉంచుతాయి, మొదటిది తెగితేనే తెరుస్తాయి. ప్రాణం నిలబడింది గానీ, రెండో కేబుల్‌కు పెట్టిన డబ్బు ఊరికే పడుంది.

ఆ ఊరికే పడున్నదాన్ని వాడుకోవాలని 1990ల తొలి ఏళ్లలో కల్పన అనే అమెరికన్ కంపెనీ ఒక ఉపాయం చేసింది. అటూ ఇటూ ఉన్న స్విచ్‌లు రెండింటికీ "ఇవి విడివిడి కేబుళ్లు కావు, ఒకటే" అని చెప్పేయడం. దారి ఒకటే అయినప్పుడు లూపు ప్రసక్తే లేదు, స్పానింగ్ ట్రీ దేన్నీ మూయదు. దానికి ఈథర్‌ఛానెల్ అని పేరు పెట్టారు. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. తర్వాత ఎవరి పద్ధతి వాళ్లు తయారుచేసుకుంటే ఒకరి స్విచ్ ఇంకొకరి స్విచ్‌తో కలవని పరిస్థితి వచ్చింది. చివరికి 2000లో ఐఈఈఈ సంస్థ 802.3ఏడీ పేరుతో అందరికీ ఒకే ప్రమాణం తెచ్చింది. 2008లో దాన్ని 802.1ఏఎక్స్‌కు మార్చారు గానీ, స్విచ్ మెనూల్లో పాత పేరు ఇంకా వదల్లేదు. సిస్కోలో పోర్ట్ ఛానెల్, లినక్స్‌లో బాండింగ్, విండోస్ సర్వర్‌లో టీమింగ్, కొన్ని స్విచ్‌లలో ట్రంక్. అదే ట్రంక్ సిస్కో వాళ్ల దగ్గర పూర్తిగా వేరే సంగతి, అనేక వీలాన్‌లను (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) మోసే పోర్టు. రెండు కంపెనీల స్విచ్‌లు కలిపేటప్పుడు ఈ ఒక్క పేరు దగ్గర ఎంతమంది సాయంత్రాలు పోయాయో.

ఇక అసలు ప్రశ్న. కలిపిన లింకు మీద ఏ ప్యాకెట్ ఏ కేబుల్ ఎక్కాలో ఎవరు నిర్ణయిస్తారు?

నరసాపురం రేవులో పంటు (బళ్లను కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వెళ్లినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. రెండు పంటులు నడిపితే గంటకు రెట్టింపు బళ్లు దాటుతాయి. అయితే ఒక పెళ్లివారి బళ్లు ఐదున్నాయనుకోండి. అవతలి గట్టున అవి బయల్దేరిన వరుసలోనే దిగాలని షరతు. ఒకటి ఈ పంటులో, ఒకటి ఆ పంటులో ఎక్కిస్తే ఏది ముందు చేరుతుందో చెప్పలేం, వరుస తప్పుతుంది. అందుకని రేవులో ఒకటే రూలు: ఒక పెళ్లివారి బళ్లన్నీ ఒకే పంటు. పక్క పంటు ఖాళీగా ఉన్నా సరే.

నెట్‌వర్క్‌లో ఆ షరతు పెట్టేది ప్రమాణమే. ఒక సంభాషణకు చెందిన ఫ్రేములు వరుస తప్పకూడదు అంటుంది. ఎందుకంటే టీసీపీకి, అంటే ప్యాకెట్లన్నీ చేరాయో లేదో చూసుకుని వరుసలో అప్పజెప్పే పద్ధతికి, వరుస తప్పడం అంటే భయం. ఐదో ప్యాకెట్ కంటే ముందు ఆరు, ఏడు, ఎనిమిది వచ్చేశాయంటే అవతలివైపు నుంచి "నాకు ఐదు రాలేదు" అని మళ్లీ మళ్లీ కబురు వస్తుంది. అలాంటి కబురు మూడుసార్లు అందగానే పంపేవాడు ఐదో ప్యాకెట్ పోయిందనే తీర్మానించుకుని, దాన్ని మళ్లీ పంపి, పైగా వేగం తగ్గించేస్తాడు. అది పోలేదు, పక్క కేబుల్‌లో కాస్త వెనకపడిందంతే. ఆ సంగతి టీసీపీకి తెలిసే దారి లేదు.

కాబట్టి స్విచ్ ఒక చిన్న లెక్క వేస్తుంది. పంపేవారి చిరునామా, అందుకునేవారి చిరునామా రెండింటినీ కలిపి ఒక అంకె తీసి, దాన్ని లింకుల సంఖ్యతో భాగించి, మిగిలిన శేషం ఎంతో ఆ కేబుల్ మీదకు పంపుతుంది. దీన్నే హ్యాష్ అంటారు. రెండే కేబుళ్లున్నప్పుడు లెక్క ఇంకా తేలిక: రెండు చిరునామాల ఆఖరి బిట్ ఒకటే అయితే మొదటి కేబుల్, వేరైతే రెండోది. ఆ జంటకు ఈరోజు ఏ కేబుల్ పడిందో రేపూ అదే. ఇందులో గమనించాల్సింది, మామూలు స్విచ్ ఏ కేబుల్ ఖాళీగా ఉందో చూడదు. లెక్క చూస్తుంది, పంపేస్తుంది. మొదటి కేబుల్ కిక్కిరిసి, రెండోది ఈగలు తోలుకుంటున్నా దాని తీర్పు మారదు.

ఇదీ ఒక్క ఫైలు 110 దగ్గర ఆగిపోవడానికి కారణం. అది ఒక సంభాషణ, దానికి ఒక కేబుల్. గిగాబిట్‌ను ఎనిమిదితో భాగిస్తే 125 మెగాబైట్లు, అందులో ఫ్రేములు, హెడర్ల ఖర్చు పోగా మిగిలేది అంతే.

సరే, ఒకటి కాదు రెండు ఫైళ్లు, రెండు వేర్వేరు కంప్యూటర్ల నుంచి అనుకుందాం. రెండూ చెరో కేబుల్ ఎక్కుతాయా? సగం సార్లు ఎక్కుతాయి, మిగతా సగం సార్లు రెండూ ఒకదాని మీదే పడతాయి. నాలుగు కేబుళ్ల మీద నాలుగు పెద్ద బదిలీలు వేస్తే నాలుగూ నాలుగింటి మీదకు వెళ్లే అవకాశం 256లో 24, అంటే వందకు పది కూడా కాదు. ఇక్కడే చాలామంది నమ్మరు, కాగితం మీద వేసుకుని చూడండి. బదిలీలు వందల్లోకి వెళ్లాక మాత్రం లెక్క సర్దుకుంటుంది. రెండు వందల కంప్యూటర్ల ల్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య రెండు కేబుళ్లు కలిపితే చక్కగా పనిచేస్తుంది. రాత్రిపూట ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కు బ్యాకప్ పెట్టడమే పనైతే దమ్మిడీ ఉపయోగం లేదు.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది తెలివైనవాళ్లనే పట్టుకుంటుంది. లినక్స్ బాండింగ్‌లో మనం ఏమీ చెప్పకపోతే హ్యాష్ లెక్కకు మ్యాక్ చిరునామాలనే (ఒక్కో నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత నంబర్లు) వాడుతుంది. సర్వర్ ఒకవైపు, జనమంతా రౌటర్ అవతల వేరే నెట్‌వర్క్‌లో ఉన్నారనుకోండి. వాళ్లు వెయ్యి మంది ఉన్నా, సర్వర్ పంపే ప్రతి ఫ్రేమూ రౌటర్ మ్యాక్‌కే వెళ్తుంది. జంట ఒకటే, శేషం ఒకటే, కేబుల్ ఒకటే. రెండోది ఎప్పటికీ ఖాళీ. అప్పుడు ఐపీ చిరునామాలను, వీలైతే పోర్టు నంబర్లను (కేబుల్ గుచ్చే పోర్టు కాదు, కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్‌కో చెప్పే అంకెలు) కూడా లెక్కలోకి తీసుకోమని మార్చాలి. పోర్టు నంబర్లు వాడే పద్ధతి ప్రమాణానికి నూటికి నూరుపాళ్లు లోబడదని లినక్స్ వాళ్లే రాసి పెట్టారు. ముక్కలైన ప్యాకెట్లలో మొదటి ముక్కకు తప్ప మిగతావాటికి పోర్టు నంబరు ఉండదు, అవి వేరే కేబుల్ ఎక్కి వరుస తప్పొచ్చు. రోజువారీ పనిలో ఆ ఇబ్బంది పెద్దగా రాదు. మరచిపోయేది మరొకటి: మన సర్వర్ లెక్క మన నుంచి బయటికి వెళ్లేవాటికే. తిరిగొచ్చేవి ఏ కేబుల్ మీద రావాలో అటువైపు స్విచ్ ఇష్టం. ఇటు సరిచేసి, అటు మ్యాక్ లెక్క మీదే వదిలేస్తే వెళ్లేది రెండు దారుల్లో, వచ్చేది ఒక దారిలో.

"మరి వంతులవారీగా పంపే సెట్టింగ్ ఉంది కదా" అని అడిగేవాళ్లుంటారు. ఉంది. లినక్స్ బాండింగ్‌లో ఉన్న ఏడు పద్ధతుల్లో మొదటిదే అది: ఒక ప్యాకెట్ ఇటు, ఒకటి అటు. ఒకే టీసీపీ కనెక్షన్‌ను రెండు కేబుళ్ల మీదకు పరిచేది ఆ ఒక్క పద్ధతే. దాని ధర ఇందాక చెప్పిన వరుస తప్పడం. రెండు కంప్యూటర్లను నేరుగా కలుపుకుని ప్రయోగాలు చేసేవాళ్లకు పర్లేదు గానీ, మధ్యలో స్విచ్ ఉన్న ఆఫీసులో పెట్టమని నేనైతే చెప్పను.

ఫైలు సర్వర్ వేగమే అసలు బాధైతే దానికి వేరే మందులున్నాయి. విండోస్ 8, సర్వర్ 2012తో వచ్చిన ఎస్ఎంబీ మల్టీఛానెల్ (విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతిలో ఒక సౌకర్యం) ఒక్క ఫైలుకే అనేక టీసీపీ కనెక్షన్లు తెరిచి వేర్వేరు నెట్‌వర్క్ కార్డుల మీద పంచుతుంది. కేబుళ్లను కలపకుండా విడిగా వదిలేస్తేనే అది బాగా నడుస్తుంది. అంతకంటే సులువైనది, నాలుగు గిగాబిట్ కేబుళ్లు కలిపే శ్రమ మానేసి ఒక్క 10 గిగాబిట్ లింకు వేసుకోవడం. అక్కడ హ్యాష్ గొడవే లేదు. తమాషా ఏమిటంటే 40 గిగాబిట్ లింకులో లోపల ఉండేవి నాలుగు 10 గిగాబిట్ దారులే. అయినా ఒక్క ఫైలుకు నాలుగూ దక్కుతాయి. అక్కడ పంచేది ప్యాకెట్లను కాదు, అంతకంటే చిన్న బిట్ల గుంపుల్ని. మధ్యమధ్య గుర్తులు పెట్టి, అవతల ఆ గుర్తుల ఆధారంగా వరుస సరిచేసి అతికిస్తారు. నాలుగు దారులూ ఒకే పరికరం నుంచి ఒకే పరికరానికి, ఒకే పొడవున వెళ్తాయి కాబట్టి అది కుదురుతుంది.

అసలు అవసరమా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ఒక ప్లాంటులో 60 సీసీ కెమెరాలు, ఒక్కోటి 4 మెగాబిట్ల చొప్పున అనుకున్నా మొత్తం 240 మెగాబిట్లు. ఒక్క గిగాబిట్ కేబుల్‌లో పావు వంతు. వేగం కోసం రెండోది కలిపించుకోమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

రెండో రకానికి వద్దాం: రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు. ఇక్కడ రెండు కంపెనీల మధ్య ఏ ఒప్పందమూ లేదు, రెండూ వేర్వేరు ఐపీలు ఇస్తాయి. రౌటర్ చేయగలిగిందల్లా ఒక్కో కొత్త కనెక్షన్‌ను ఒక్కో దారికి అప్పజెప్పడం. ఒకసారి ఒక దారిలో మొదలైంది చివరిదాకా అందులోనే. ఇల్లంతా తలో ఫోను పట్టుకుంటే బరువు పంచుకుంటుంది. ఒక్క సినిమా డౌన్‌లోడ్‌కు మాత్రం ఒక్క కంపెనీ వేగమే. స్పీడ్ టెస్టులో రెండూ కలిసి కనిపిస్తున్నాయే అంటారు. ఆ టెస్టులు ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తాయి, అవి రెండు దారులకూ పంచబడతాయి, ముల్లు బాగా లేస్తుంది. మామూలు డౌన్‌లోడ్ ఆ వేషం వేయదు. ఇందులో ఇంకో తలనొప్పి, కొన్ని బ్యాంకు సైట్లు లాగిన్ మధ్యలో ఐపీ మారితే అనుమానించి బయటికి తోసేస్తాయి. అందుకే మంచి రౌటర్లలో ఒక మనిషిని ఒక దారికే కట్టిపడేసే సెట్టింగ్ ఉంటుంది.

మూడో రకం, నిజంగా ముక్కలు చేసి అతికించేది, కొత్తదేమీ కాదు. ఐఎస్‌డీఎన్ (ఫోను తీగ మీద వచ్చే పాత డిజిటల్ కనెక్షన్) రోజుల్లో 64 కిలోబిట్ల ఛానళ్లు రెండు కలిపి 128 చేసింది ఇదే. మల్టీలింక్ పీపీపీ అనే ఆ పద్ధతిలో ప్రతి ముక్క మీదా వరుస నంబరు వేస్తారు, అవతల ఆ నంబర్ల ప్రకారం పేరుస్తారు. కీలకం అక్కడుంది: అవతల పేర్చేవాడు ఒకడు ఉండాలి. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లయితే ఆ పేర్చేవాడు ఎక్కడుంటాడు? బయటెక్కడో డేటా సెంటర్‌లో ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, అక్కడిదాకా రెండు దారుల్లోనూ టన్నెల్ (ఇంటర్నెట్ లోపల మన సొంత దారి) వేసుకోవాలి. అప్పుడు వేగం కలుస్తుంది, నెలనెలా అద్దె కూడా కలుస్తుంది. లేదా రెండు చివర్లలోని యంత్రాలే ఆ పని చేసుకోవాలి, మల్టీపాత్ టీసీపీ అదే. 2013లో తొలి ప్రమాణ పత్రం వచ్చింది, ఆ ఏడాదే ఆపిల్ తన ఐఓఎస్ 7లో సిరి కోసం వాడింది. 2020లో లినక్స్ ప్రధాన కెర్నెల్‌లో చేరింది. అవతలి సర్వర్‌కు కూడా అది వస్తేనే ఉపయోగం, లేకపోతే మామూలు టీసీపీగానే నడుస్తుంది. ఫోన్లో 4జీ పక్కన ప్లస్ గుర్తు చూసే ఉంటారు, అదీ సాధారణంగా ఈ జాతిదే. రెండు మూడు బ్యాండ్లను టవరూ ఫోనూ కలిసి కుట్టుకుంటాయి.

ఇంతా చెప్పాక, నా లెక్కలో డెల్టాలో లింకులు కలపడానికి అసలు కారణం వేగం కాదు, నిలబడటం. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. చెట్టు పడితే తీగ తెగుతుంది, అది కరెంటు తీగా ఫైబరా అని చూడదు. ఒకటి తెగినా రెండోది నడవాలి. ఈ పనికి కలిపిన లింకు గొప్ప సాధనం, సరిగ్గా కలిపితే.

సరిగ్గా అంటే ముందుగా ఎల్‌ఏసీపీ వాడటం. రెండు చివర్ల పెట్టెలూ ఒకదానికొకటి "ఉన్నావా, ఉన్నాను" అని చిన్న ఫ్రేములు పంపుకునే పద్ధతి ఇది. ఒకవైపైనా యాక్టివ్‌గా పెట్టాలి. రెండువైపులా పాసివ్ పెడితే ముందు నువ్వు పలకరించాలంటే నువ్వు పలకరించాలని కూర్చుంటాయి, బంధం కుదరదు. ఎల్‌ఏసీపీ లేకుండా కలిపిపారేసే స్టాటిక్ పద్ధతి కూడా ఉంది, మన దగ్గర అది ప్రమాదం. చెరువుగట్ల మీదుగా, ఊరి చివరి గోడౌన్లకు ఫైబర్ వేసినచోట రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌నూ రాగి కేబుల్‌నూ కలిపే పెట్టెలు, ఉంటాయి. మధ్యలో ఫైబర్ తెగిందనుకోండి, స్విచ్‌కూ కన్వర్టర్‌కూ మధ్య ఉన్న మూరెడు రాగి కేబుల్ బాగానే ఉంటుంది, పోర్టు దీపం పచ్చగానే వెలుగుతుంది. స్టాటిక్ పద్ధతిలో స్విచ్ ఆ దీపాన్ని నమ్మి, సగం సంభాషణల్ని తెగిన దారిలోకి పంపుతూనే ఉంటుంది. కొందరికి నెట్ ఉంటుంది, కొందరికి ఉండదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. ఎల్‌ఏసీపీ అయితే అవతలి కబురు అందకపోగానే ఆ లింకును పక్కన పెడుతుంది. ఎంతసేపట్లో? నిదానం పద్ధతిలో కబురు 30 సెకన్లకొకటి, మూడు తప్పితే తీర్పు, అంటే 90 సెకన్లు. వేగం పద్ధతిలో సెకనుకొకటి, 3 సెకన్లలో తేలిపోతుంది. చాలా పెట్టెలు నిదానంలోనే వస్తాయి, మార్చుకోవాలి.

సముద్రం పక్కన ఇంకో చిన్న సంగతి. ఉప్పుగాలికి ఆర్‌జే 45 ప్లగ్గు (కేబుల్ కొసన ఉండేది) పిన్నులు చిలుము పట్టి, కేబుల్ లోపలి నాలుగు తీగల జతల్లో ఒకటి పోతే, చాలా కార్డులు గిగాబిట్ వదిలేసి 100 మెగాబిట్లకు దిగిపోతాయి, దానికి రెండు జతలు చాలు. వేగాలు ఒకటి కానివాటిని ఎల్‌ఏసీపీ ఒకే కట్టలో ఉంచదు, ఆ కేబుల్‌ను బయటపెడుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది, కట్టలో మాత్రం ఒకటే మిగులుతుంది. స్విచ్‌లోకి వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

కట్ట ఎంత బాగున్నా రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉంటే ఆ స్విచ్ పోయినప్పుడు అన్నీ పోతాయి. సర్వర్ నుంచి రెండు వేర్వేరు స్విచ్‌లకు చెరో కేబుల్ వేసి, ఒకటి పనిలో, ఒకటి కాపలాగా ఉండే యాక్టివ్ బ్యాకప్ పద్ధతి పెడితే స్విచ్‌ల సహకారం కూడా అక్కర్లేదు, చౌక స్విచ్‌లతోనూ నడుస్తుంది. చిన్న ఆసుపత్రికి నేను మొదట చెప్పేది ఇదే. రెండు స్విచ్‌లు ఒకటిగా నటించి కట్టను పంచుకునే ఎమ్‌లాగ్ పద్ధతి ఉంది గానీ, దానికి స్విచ్‌ల ధర, సెటప్ చేసేవాడి చెయ్యి రెండూ బాగుండాలి.

బయటి కనెక్షన్ల విషయంలో అడగాల్సింది కంపెనీ పేర్లు కాదు, తీగ వచ్చే దారి. గౌతమికీ వశిష్ఠకూ మధ్య ఉన్న ఊళ్లకు బయటినుంచి ఏ ఫైబర్ రావాలన్నా ఎక్కడో ఒకచోట ఏరు దాటాల్సిందే, వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు కంపెనీల తీగలూ ఒకే వంతెన రెయిలింగుకు, ఒకే వీధి స్తంభాలకు వేలాడుతుంటే రెండు బిల్లులొస్తాయి గానీ దారి ఒకటే. ఒక్కోసారి చివరి కిలోమీటరు రెండు కంపెనీలకూ ఒకే లోకల్ కేబుల్ ఆపరేటర్ లాగి ఉంటాడు. ఫైబర్ ఒకటి, మొబైల్ సిమ్ రౌటర్ ఒకటి పెట్టుకోవడం మెరుగే గానీ, ఆ టవర్‌కు వెళ్లే ఫైబర్ ఏ దారిలో వెళ్తోందో, కరెంటు పోతే టవర్ జనరేటర్ ఎంతసేపు నడుస్తుందో కనుక్కోవాలి.

అన్నీ అయ్యాక పరీక్ష ఒకటుంది. పని నడుస్తుండగా ఒక కేబుల్ పీకండి. అది పెట్టేసి రెండోది పీకండి. తర్వాత పోర్టు దీపం ఆరకుండా, మీడియా కన్వర్టర్ అవతలి ఫైబర్ మాత్రమే తీసి చూడండి, స్టాటిక్ కట్టల బండారం బయటపడేది అక్కడే. ఆఖరున ఒక స్విచ్ కరెంటు తీయండి. ఆ ప్లగ్గు వెతుక్కుంటూ వెళ్లినప్పుడు రెండు స్విచ్‌లూ, రెండు కన్వర్టర్ల అడాప్టర్లూ, సిమ్ రౌటరూ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చి కనిపిస్తే ముందు రెండో ఇన్వర్టర్ లైను వేయించండి, మూడో కేబుల్ సంగతి తర్వాత చూడొచ్చు.